ఉప్పునీటి ట్యాంకుకు ఏ సాలినిటీ మీటరు? మన ఎండలకు ఏది ఆగుతుంది?

సముద్రపు చేపలు, పగడాలు పెంచే ట్యాంకులోంచి ఒక గిలాసలోకి నీళ్లు తీశారనుకోండి. వాటి సాలినిటీ, అంటే ఉప్పదనం, సరిగ్గా 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్లు లవణాలు). మే నెల, నల్గొండ, మధ్యాహ్నం రెండు. గిలాసలో నీళ్లు 33 డిగ్రీలు. నీళ్లలో తేలుతూ వాటి సాంద్రత చూపే గాజు గొట్టం హైడ్రోమీటర్. 25 డిగ్రీల నీళ్లకు గీతలు గీసినదాన్ని అందులో వేస్తే 1.0237 దగ్గర తేలుతుంది, అంటే 31 పీపీటీ చిల్లర. నీళ్లు కాంతిని ఎంత వంచుతాయో చూసే రిఫ్రాక్టోమీటర్, మామూలు ఉప్పు ద్రావణానికి గీతలు గీసినదైతే, 36.5 అంటుంది. ప్లాస్టిక్ డబ్బాలో ముల్లు ఊగే స్వింగ్ ఆర్మ్ హైడ్రోమీటర్, ముల్లుకు నాలుగు గాలి బుడగలు పడితే, 38 దాకా పోతుంది. నీళ్లు ఒక్కటే, రీడింగులు మూడు. వీటిలో ఏ పరికరమూ చెడిపోలేదు. ఏదీ ఉప్పును నేరుగా కొలవడం లేదు, నీటి వేరే లక్షణాన్ని కొలిచి, దాన్ని పీపీటీగా మార్చి చెబుతోంది. ఆ కొలత దగ్గరో, మార్పిడి దగ్గరో తేడా వస్తోంది.

కాబట్టి ఏ మీటరు కొనాలన్నది రెండో ప్రశ్న. ఆ మీటరు నిజం చెబుతోందో లేదో దేనితో చూస్తారన్నది మొదటిది. జేబులో డబ్బు ఒక్కదానికే ఉంటే మధ్యరకం రిఫ్రాక్టోమీటర్, దాంతోపాటు మీటరును సరిచూసుకోవడానికి 35 పీపీటీ స్టాండర్డ్ ద్రావణం, అంటే ఉప్పదనం ముందే కచ్చితంగా తెలిసిన నీళ్లు, తీసుకోండి. స్టాండర్డ్ లేకుండా ఖరీదైన డిజిటల్ పెన్ను కొనడం కంటే ఇది మేలు.

ముందు అంకెలు. సముద్రపు నీళ్లు అంటే హాబీలో 35 పీపీటీ. కిలో నీళ్లలో 35 గ్రాముల లవణాలు. 25 డిగ్రీల దగ్గర దీని స్పెసిఫిక్ గ్రావిటీ (శుద్ధమైన నీళ్ల కంటే ఎన్ని రెట్లు బరువు) 1.0264, కండక్టివిటీ (కరెంటును మోసే గుణం) సెంటీమీటరుకు 53 మిల్లీసీమెన్లు. 20 డిగ్రీల దగ్గర రిఫ్రాక్టివ్ ఇండెక్స్ (కాంతిని వంచే కొలత) 1.3394. చేపలు మాత్రమే ఉన్న ట్యాంకులో 30 నుంచి 35 మధ్య ఎక్కడ నిలకడగా ఉంచినా నడుస్తుంది. పగడాలుంటే 34 నుంచి 36 దాటొద్దు. గ్రావిటీలో 0.001 తేడా అంటే దాదాపు 1.3 పీపీటీ. అందుకే 1.024, 1.026 రెండూ ఒకటేలే అనుకోవడం కుదరదు.

స్వింగ్ ఆర్మ్

ప్లాస్టిక్ డబ్బా, లోపల ముల్లు. అన్నిటికంటే చవక, పడేసినా పగలదు. ట్యాంకులో ముంచి తీస్తే రీడింగ్ వచ్చేస్తుంది. ఇబ్బందంతా ఆ ముల్లుతోనే. బుడగ అంటుకుంటే ముల్లు పైకి లేచి ఎక్కువ చూపిస్తుంది. వాడాక మంచినీళ్లతో కడగకపోతే ముల్లు మీద సున్నం పేరుకుని బరువెక్కి తక్కువ చూపిస్తుంది. ఎక్కువ చూపిస్తోందా, తక్కువా అన్నది చూసి చెప్పలేం, ఒక్కోసారి రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కూడా. కొత్త డబ్బాను ఒకరోజు నీళ్లలో నానబెట్టి, ప్రతిసారీ బల్ల మీద మెల్లగా తట్టి బుడగలు వదిలించి, నెలకోసారి వెనిగర్ కలిపిన నీళ్లలో పెట్టి, స్టాండర్డ్‌లో ముంచి ఎంత తేడా ఉందో డబ్బా మీదే మార్కర్‌తో రాసుకుంటే, చేపల ట్యాంకుకు నడిచిపోతుంది. పగడాలకు వద్దు.

గాజు హైడ్రోమీటర్

అరిగేది, కదిలేది ఏమీ లేదు, బ్యాటరీ లేదు, స్క్రూ లేదు. ఒకసారి సరిగ్గా తయారైతే పగిలేదాకా అదే రీడింగ్. ట్రోపిక్ మరీన్ వాళ్ల పెద్ద హైడ్రోమీటర్ లాంటివి 25 డిగ్రీలకు గుర్తులు గీసి ఉంటాయి, గీతల మధ్య ఎడం ఎక్కువ కాబట్టి 0.0005 తేడా కూడా కంటికి ఆనుతుంది. చిన్న చవకరకాల్లో గీతలు దగ్గరదగ్గరగా ఉంటాయి, లోపలి కాగితం జారిపోయినవీ దొరుకుతాయి.

కొనేముందు కాడ మీద ఏ ఉష్ణోగ్రత రాసుందో చూడండి. కొన్ని 25 డిగ్రీలకు, కొన్ని 60 ఫారెన్‌హీట్‌కు, అంటే 15.6 సెల్సియస్‌కు తయారవుతాయి. రెండోరకాన్ని 25 డిగ్రీల నీళ్లలో వేస్తే దాదాపు 3 పీపీటీ తక్కువ చూపిస్తుంది. 25 డిగ్రీల హైడ్రోమీటర్‌కైతే సవరణ ఇలా: నీళ్లు 28 డిగ్రీలుంటే రీడింగ్‌కు 0.0009 కలపాలి, 30 ఉంటే 0.0016, 35 ఉంటే 0.0034. అంటే పాలమూరు ఎండాకాలంలో థర్మామీటర్ పెట్టకుండా హైడ్రోమీటర్ చూడటమంటే నాలుగు పీపీటీల తప్పును ఇంటికి పిలుచుకోవడమే. లెక్కలు ఇష్టం లేకపోతే నీళ్లను మూత బిగించిన సీసాలో పోసి ఫ్రిజ్‌లో కొద్దిసేపు ఉంచి, 25కు దిగాక చూడండి. మూత బిగించడం మరిచిపోవద్దు.

పొడవాటి 250 మిల్లీలీటర్ల కొలజాడీలో నీళ్లు పోసి మెల్లగా వదలాలి. గోడకు ఆనకూడదు, మీటరు పట్టుకున్న వేళ్లకు నూనె ఉండకూడదు. నీటి అంచు కాడ వెంట కొద్దిగా పైకి పాకుతుంది. ఆ పాకిన చోటు కాదు, కంటిని నీటి మట్టానికి తెచ్చి, చదునుగా ఉన్న మట్టం ఏ గీతను తాకుతోందో అది చూడాలి.

ఇన్వర్టర్ బ్యాటరీల షాపులో దొరికే హైడ్రోమీటర్ దీనికి పనికిరాదు, దాని గీతలు 1.100 పైనే మొదలవుతాయి. పాల కేంద్రం లాక్టోమీటర్ మాత్రం దగ్గరి చుట్టమే. 15 నుంచి 40 దాకా అంకెలుండే రకమైతే 1.015 నుంచి 1.040 అన్నట్టు, సముద్రపు నీళ్లు అందులో 26 దగ్గర తేలాలి. కానీ పాలు తెల్లగా ఉంటాయి కాబట్టి లాక్టోమీటర్‌ను నీటి అంచు పైకి పాకిన చోట చదివేలా చేస్తారు, తయారీ ఉష్ణోగ్రత కూడా ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. అందుకే దాని అంకెను నమ్మొద్దు. కింద చెప్పే స్టాండర్డ్‌లో వేసి ఎక్కడ తేలిందో గుర్తుపెట్టుకుని, అదే వేడి ఉన్న ట్యాంకు నీళ్లలో వేస్తే చాలు. రిఫ్రాక్టోమీటర్ పాడైన వారంలో గట్టెక్కిస్తుంది. అంకెలు లేకుండా అక్షరాలు మాత్రమే గీసిన చవక లాక్టోమీటర్లు ఇందుకూ పనికిరావు.

రిఫ్రాక్టోమీటర్

రీఫ్ ట్యాంకులు, అంటే పగడాల ట్యాంకులు, ఉన్న ఇళ్లల్లో ఎక్కువగా కనిపించేది ఇదే, ఎక్కువగా తప్పు వాడేదీ ఇదే. గాజు పట్టకం మీద రెండు మూడు చుక్కలు వేసి, మూత వాల్చి, వెలుతురు వైపు పెట్టి చూస్తే నీలం, తెలుపు కలిసే గీత ఏ అంకె మీద ఉందో అదే రీడింగ్.

మొదటి చిక్కు స్కేలుది. ఆన్‌లైన్‌లో సాలినిటీ రిఫ్రాక్టోమీటర్ అని అమ్మేవాటిలో చాలావరకు ఉప్పు ద్రావణానికి, అంటే సోడియం క్లోరైడ్‌కు గీసినవి. సముద్రపు నీళ్లలో మెగ్నీషియం, కాల్షియం, సల్ఫేట్ కూడా ఉంటాయి, కాంతిని వంచే తీరు కొంచెం వేరు. 35 పీపీటీ సముద్రపు నీళ్లు ఆ స్కేలు మీద 36.5 చూపిస్తాయి. దాన్ని 35కు దించుకుని హాయిగా ఉంటే నిజంగా ట్యాంకులో ఉన్నది 33.5. స్కేలులోకి తొంగిచూసి 35 ఎదురుగా గ్రావిటీ ఎంత ఉందో చూడండి. 1.025 ఉంటే అది ఉప్పు స్కేలు కావచ్చు. 1.026 కంటే కొంచెం పైన ఉంటే సీవాటర్ స్కేలు.

రెండోది సున్నా దగ్గర సరిచేసి వదిలేయడం. డబ్బాలో వచ్చిన కాగితం డిస్టిల్డ్ వాటర్ వేసి సున్నాకు తిప్పమంటుంది. అలా చేస్తే సున్నా దగ్గర మాత్రమే నిజం. స్కేలు ఉప్పుదైనా, తయారీలో లోపమున్నా, ఆ తేడా 35 దగ్గరకొచ్చేసరికి పెరిగి కూర్చుంటుంది. తూకం రాయి లేకుండా ఖాళీ తక్కెడ ముల్లు మధ్యలో నిలబడిందని మురిసిపోవడం లాంటిదిది. 35 పీపీటీ స్టాండర్డ్ వేసి, రబ్బరు మూత కింద ఉండే స్క్రూను చిన్న స్క్రూడ్రైవర్‌తో తిప్పి గీతను 35 మీదకు తెస్తే ఉప్పు స్కేలున్న మీటరు కూడా 35 చుట్టుపక్కల నిజమే చెబుతుంది. ఆ తర్వాత సున్నా దగ్గర కొంచెం తప్పు చూపినా పట్టించుకోవద్దు, మనకు కావలసింది సున్నా కాదు.

మూడోది మన ఊళ్లకు ప్రత్యేకం. పెట్టె మీద ఏటీసీ అని ఉంటుంది, అంటే వేడికి తనే సర్దుకుంటుందని. చాలా మీటర్లలో ఆ సర్దుబాటు 10 నుంచి 30 డిగ్రీల దాకానే. ఏప్రిల్, మేల్లో ఫ్యాన్ కింది గది కూడా 36 ఉంటుంది. 30 దాటాక సర్దుబాటు మీద భరోసా లేదు, సర్దుబాటు లేని చోట ఒక్కో డిగ్రీకి దాదాపు అర పీపీటీ తప్పుతుంది. పొద్దున్నే ఆరింటికి చూడటం ఒక దారి. అంతకంటే మంచిది ఇంకోటుంది. స్టాండర్డ్ సీసా, మీటరు, ట్యాంకు నీళ్ల గిన్నె మూడింటినీ ఒకే బల్ల మీద అరగంట ఉంచండి. ముందు స్టాండర్డ్‌తో 35కు తెచ్చి, తుడిచి, వెంటనే ట్యాంకు నీళ్లు వేయండి. రెండూ ఒకే వేడిలో ఉన్నాయి కాబట్టి తప్పు రెండింటికీ ఒకేలా పడి కొట్టుకుపోతుంది. గది 38 ఉన్నా పర్లేదు.

ఏటీసీ సరిచేసేది మీటరు వేడిని చూసే తప్ప చుక్క వేడిని కాదు. అందుకే చుక్క వేశాక అర నిమిషం నుంచి నిమిషం ఆగి, చుక్క మీటరు వేడికి వచ్చాక చూడాలి. అలాగని ఐదు నిమిషాలు వదలొద్దు. పొడిగాలిలో మూత అంచుల నుంచి నీళ్లు ఆరిపోయి రీడింగ్ పైకి జరుగుతూ ఉంటుంది. చూశాక ఆర్వో నీళ్లతో తుడవకపోతే పట్టకం మీద ఎండిన ఉప్పు తర్వాతి చుక్కలో కరుగుతుంది, అదీ ఎక్కువే చూపిస్తుంది. మెత్తటి పాత నూలుగుడ్డ చాలు, గరుకు టిష్యూతో రుద్దితే పట్టకం గీసుకుపోతుంది.

డిజిటల్ రిఫ్రాక్టోమీటర్లూ ఉన్నాయి. మిల్వాకీ ఎంఏ887 లాంటివి 10 నుంచి 40 డిగ్రీల దాకా సర్దుకుంటాయి, ఆ ఒక్క విషయంలో మన ఎండలకు నప్పుతాయి. కానీ కంపెనీ చెప్పే కచ్చితత్వమే ప్లస్ ఆర్ మైనస్ 2. సరిచేసేదేమో డిస్టిల్డ్ నీళ్లతో, సున్నా దగ్గర. తెర మీద అంకె స్పష్టంగా కనబడుతుందన్న మాట తప్ప, స్టాండర్డ్‌తో కట్టిన మామూలు మీటరును మించి నిజం చెప్పదు. చత్వారం వచ్చి గీత కనబడని వాళ్లకు మాత్రం ఇదే వరం.

కండక్టివిటీ పెన్ను

ముంచితే అంకె. హన్నా హెచ్‌ఐ98319 ఈ పని కోసమే చేసిన పెన్ను, 70 పీపీటీ దాకా చూపిస్తుంది, 35 పీపీటీ ప్యాకెట్ ద్రావణంతో ఒక్క బిందువు దగ్గర సరిచేసుకోవాలి. కంపెనీ మాట ప్రకారం 40 లోపు ప్లస్ ఆర్ మైనస్ 1. వారానికి రెండు మూడుసార్లు ఉప్పునీళ్లు కలిపేవాళ్లకు, రెండు మూడు ట్యాంకులున్నవాళ్లకు ఇది తీరుబడి. ఆర్వో నీళ్లు చూసే చిన్న టీడీఎస్ పెన్నుతో ఈ పని కాదు. వాటిలో చాలావరకు పది వేల మైక్రోసీమెన్ల లోపే ఆగిపోతాయి, మనకు కావలసింది 53 వేలు. నీళ్లు కలిపి పదింతలు పలచన చేసి చూసి, పదితో గుణిస్తామంటారు కొందరు. పలచబడిన నీళ్ల కండక్టివిటీ అదే నిష్పత్తిలో తగ్గదు, లెక్క తప్పుతుంది.

పెన్ను తక్కువ చూపిస్తే ముందు అనుమానించాల్సింది ఎలక్ట్రోడ్ల మధ్య చిక్కుకున్న బుడగను. ముంచాక రెండుసార్లు ఆడించాలి. ఆ తర్వాత ఎలక్ట్రోడ్ మీద పేరుకున్న పొరను. అంకె అటూ ఇటూ గెంతుతుంటే తప్పు పెన్నుది కాకపోవచ్చు. ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో పంపు నుంచో హీటర్ నుంచో నీళ్లలోకి కొంచెం కరెంటు లీకవుతుంటే పెన్ను తికమకపడుతుంది. ట్యాంకులో కాకుండా ప్లాస్టిక్ కప్పులోకి నీళ్లు తీసుకుని చూడండి. కప్పులో నిలకడగా, ట్యాంకులో గెంతుతూ ఉంటే సాలినిటీ సంగతి తర్వాత, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

స్టాండర్డ్: కొనాలా, ఇంట్లో చేసుకోవాలా

సీసాలో దొరికే 35 పీపీటీ ద్రావణం కొంటే పెట్టె మీద అది దేనికో చదవండి. రిఫ్రాక్టోమీటర్ కోసం చేసింది, పెన్ను కోసం చేసింది ఒకటి కాకపోవచ్చు. ఇంట్లో చేసుకునేప్పుడు ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. వంటుప్పుతో సముద్రాన్ని మొత్తం అనుకరించలేం, ఒక్కో లక్షణాన్ని మాత్రమే అనుకరించగలం. అందుకే మూడు రకాల మీటర్లకు మూడు తూకాలు.

రిఫ్రాక్టోమీటర్‌కు 36.5 గ్రాముల ఉప్పు, 963.5 గ్రాముల నీళ్లు. కండక్టివిటీ పెన్నుకు 32.9 గ్రాముల ఉప్పు, 967.1 గ్రాముల నీళ్లు. హైడ్రోమీటర్, స్వింగ్ ఆర్మ్, లాక్టోమీటర్లకు 37.1 గ్రాముల ఉప్పు, 962.9 గ్రాముల నీళ్లు. మొదటిది తెచ్చి పెన్ను ముంచితే 35 కంటే బాగా ఎక్కువ చూపిస్తుంది, పెన్ను పాడైందనుకుని తిప్పలు పడతారు. సీసాల మీద చీటీలు అంటించండి.

నీళ్లు మిల్లీలీటర్లలో కాదు, గ్రాముల్లోనే తూయాలి. ఉప్పు సన్నటి, పొడిగా ఉన్న ప్యాకెట్ ఉప్పు. అయోడిన్ ఉన్నా ఇబ్బంది లేదు. దొడ్డుప్పు వద్దు, అందులో తేమ, మెగ్నీషియం ఎంతుందో చెప్పలేం. వానాకాలంలో ప్యాకెట్ ఉప్పు కూడా చెమ్మగిల్లుతుంది, కొత్త ప్యాకెట్ విప్పండి, లేదా పెనం మీద కాసేపు వేడిచేసి చల్లార్చండి. ఒక గ్రాము దాకానే చూపే వంటింటి తూకమైతే రెట్టింపు చేయండి: రిఫ్రాక్టోమీటర్‌కు 73 గ్రాముల ఉప్పు, 1927 గ్రాముల నీళ్లు. అర గ్రాము అటూ ఇటూ అయినా తప్పు పావు పీపీటీలోనే ఉంటుంది. కంసాలి దగ్గరుండే లాంటి 0.01 గ్రాముల తూకం దొరికితే 3.65 గ్రాములు, 96.35 గ్రాములతో చిన్న సీసా చేసుకోవచ్చు.

నీళ్లు బ్యాటరీ షాపు డిస్టిల్డ్ వాటర్ అయితే మేలు. యాసిడ్ కలిపిన సీసా కాదని చూసి తెచ్చుకోండి. ఇంటి ఆర్వోలో టీడీఎస్ 80 వచ్చినా తప్పు 0.1 పీపీటీ లోపే. బోరు నీళ్లు మాత్రం స్టాండర్డ్‌కూ వద్దు, టాప్ అప్‌కూ వద్దు. ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని ఊరి పేరే పెట్టాల్సి వచ్చిన నీళ్లివి. ఆవిరైన రెండు లీటర్ల చోట రోజూ 600 టీడీఎస్ ఉన్న బోరు నీళ్లు పోస్తే వంద లీటర్ల ట్యాంకులో నెలకు చేరేది 36 గ్రాములు. సాలినిటీ మీటరులో అది 0.36 మాత్రమే, కంటికి ఆనదు. ఏ లవణం చేరిందో ఈ మీటర్లలో ఏదీ చెప్పదు.

స్టాండర్డ్‌ను గట్టి మూతున్న ప్లాస్టిక్ సీసాలో పెట్టి నీడలో ఉంచండి. మూత వదులైతే నీళ్లు ఆవిరై ఉప్పు చిక్కబడుతుంది. ముంచిన నీళ్లు తిరిగి సీసాలో పోయొద్దు.

ఎవరికి ఏది

జత క్లౌన్ చేపలతో మొదలుపెట్టే వాళ్లకు స్వింగ్ ఆర్మ్, స్టాండర్డ్ చాలు. పగడాలున్నా, ఏడాదిలో పెట్టాలనుకున్నా, నేరుగా సీవాటర్ స్కేలున్న రిఫ్రాక్టోమీటర్‌కే వెళ్లండి, స్వింగ్ ఆర్మ్ మీద పెట్టే డబ్బు దండగ. దానికి తోడు గాజు హైడ్రోమీటర్ ఉంటే ఇంకా మంచిది. రెండు వేర్వేరు లక్షణాలు కొలిచే మీటర్లు ఒకే మాట చెబితే ఆ మాట నమ్మొచ్చు, రెండు రిఫ్రాక్టోమీటర్లు ఒకే మాట చెబితే రెండింటికీ ఒకే లోపం ఉండొచ్చు. పెన్ను కొనాలనుకుంటే దానికి కావలసిన ప్యాకెట్లు మీకు ఎక్కడ దొరుకుతాయో ముందే చూసుకోండి.

తెల్లమచ్చల జబ్బుకు చేపలను స్పెసిఫిక్ గ్రావిటీ 1.009 దగ్గర ఉంచి వైద్యం చేయాలనుకునేవాళ్లు జాగ్రత్త. 35 దగ్గర సరిచేసిన ఉప్పు స్కేలు మీటరు అంత కింద తప్పు చూపిస్తుంది. ఆ పనికి డిస్టిల్డ్ నీళ్లతో సున్నా దగ్గర సరిచేసుకుని, గాజు హైడ్రోమీటర్‌తో సరిపోల్చుకోండి. వైద్యం చేసే ట్యాంకులో పగడాలు, రొయ్యలు, నత్తలు ఉండకూడదు.

కొత్త మీటరు వేరే అంకె చెబితే

ఆరు నెలలుగా 35 అనుకున్నది కొత్త మీటరులో 32 వచ్చిందంటే గాభరా పడి ఉప్పు గుమ్మరించొద్దు. ముందు స్టాండర్డ్‌తో రెండు మీటర్లనూ చూడండి. నిజంగానే 32 అయితే అందులోని ప్రాణులు ఇన్నాళ్లుగా 32కే అలవాటుపడ్డాయి. రోజుకు ఒక పీపీటీ మించి మార్చొద్దు. ఎక్కువైన ట్యాంకును దించడం తేలిక: వంద లీటర్లలో 36.5 ఉంటే రోజుకు రెండు లీటర్ల చొప్పున రెండు రోజులు తీసి ఆర్వో నీళ్లు పోస్తే 35. పెంచడానికి మాత్రం మన ఎండలే పనికొస్తాయి. వంద లీటర్ల ట్యాంకు రోజుకు రెండు లీటర్లు ఆవిరవుతుంటే, ఆ రెండు లీటర్లూ ఆర్వో బదులు ముందురోజు కలిపి తిప్పి ఉంచిన 35 పీపీటీ ఉప్పునీళ్లు పోయండి. రోజుకు 0.7 పీపీటీ పెరుగుతుంది. నాలుగైదు రోజుల్లో 35 వచ్చాక మళ్లీ ఆర్వోకు మారండి. ఈ రోజుల్లో పొద్దున పోసేముందు ఒకసారి, రాత్రి ఒకసారి చూసి క్యాలెండర్ మీద రాసుకోండి, పోసిన గంటలోపు మాత్రం చూడొద్దు, నీళ్లు కలవక అంకె తప్పుతుంది.